ఆ మాట రాసిన చెయ్యి

గది తలుపు ముందు పెట్టిన కంచం పెట్టినట్టే ఉంది.

కోడలు వంగి దాన్ని చేతిలోకి తీసుకుంది. రొట్టె అంచులు అట్టలా బిగుసుకుపోయాయి.

"తిన్నదా?" వంటింట్లోంచి అత్తగారి గొంతు తరుముకొచ్చింది.

"లేదత్తయ్యా."

"పాలన్నా తాగిందా?"

"ముట్టుకోలేదు."

వంటింట్లో ఏదో గిన్నె దబ్బున పడింది. పడిందో, పడేశారో తెలియదు. ఈ వారం రోజులుగా ఆ ఇంట్లో మనుషులకంటే గిన్నెలే ఎక్కువ మాట్లాడుతున్నాయి.

తలుపు అవతల ఉన్నది ఆ ఇంటి ఆడపిల్ల. చిన్నప్పుడు నిద్రలో కూడా నోరు మూసేది కాదని మామగారే ముద్దుగా పిచ్చుక అని పేరు పెట్టారు. ఇంట్లో ఆ పేరే స్థిరపడిపోయింది. వేరే ఊళ్ళో కాలేజీలో చేరి హాస్టల్లో ఉంటున్న పిచ్చుక, మొదటి ఏడాది సగమైనా గడవకముందే కిందటి వారం పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడింది. "నేనిక వెళ్ళను" అంది. ఆ తర్వాత నోరు విప్పలేదు.

ఎవరి తీర్పు వాళ్ళు చెప్పేశారు. పిల్లని ఫోను పాడు చేసిందని మామగారు. ఫోనులో ఆ దిక్కుమాలిన సైటు, అందులో మొహమైనా తెలియని స్నేహాలు పాడు చేశాయని అత్తగారు. కాలేజీకి వెళ్ళే ముందు ఫోను కొనిచ్చిందీ, ఆ సైటులో చేరడం నేర్పిందీ కోడలే. కాబట్టి తీర్పు ఎవరిదైనా శిక్ష మాత్రం ఆమెకే పడుతోంది.

ఫోను ఇప్పుడు లేదు. మొదటి పరీక్షల్లో పిల్లకి మార్కులు రాలేదని హాస్టల్ వార్డెన్ కబురు చేసినప్పుడు మామగారు స్వయంగా వెళ్ళి దాన్ని లాక్కొచ్చారు. ఆయనది నీళ్ళ పంపు స్టేషన్లో ఆపరేటరు ఉద్యోగం. ఒక రోజు ఫోనును తన దగ్గరే ఉంచుకుని, ఆ తర్వాత మోటార్ల వెనకున్న మురుగు గోతిలోకి విసిరేశారు. ఆ సంగతి భోజనం దగ్గర, ఎలుకను చంపినంత మామూలుగా చెప్పారు.

అత్తగారు కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చారు. కంచం వైపు చూసి, కోడలి వైపు చూశారు.

"ఇప్పుడు చల్లగా ఉందా నీ కడుపు?"

"నేనేం చేశానత్తయ్యా?"

"ఏం చేశావా? బుద్ధి తెలిసినప్పట్నుంచీ అది నా కొంగు వదిలింది లేదు. దాని చేతిలో ఆ దయ్యాన్ని పెట్టావు. 'అక్కడ తోడుగా ఉంటుందత్తయ్యా' అన్నావు. తోడంటే తోడేలని నాకేం తెలుసు!"

ఇలాంటి చోట కోడలు మామూలుగా ఊరుకుంటుంది. కళ్ళజోళ్ళ దుకాణంలో వెనక గదిలో కూర్చుని, అద్దాల అంచుల్ని ఫ్రేముకి సరిపోయేలా అరగదీయడం ఆమె పని. కొంచెం ఎక్కువ నొక్కితే అద్దం పగులుతుంది. మాటా అంతేనని పెళ్ళయ్యాక ఈ ఇంట్లో తెలిసొచ్చింది. కానీ ఇవాళ దుకాణానికి సెలవు. పొద్దున్నుంచీ ఆ మూసిన తలుపునే చూస్తూ ఉండడంతో ఊరుకోబుద్ధి కాలేదు.

"ఒక్క మాట అడగనా అత్తయ్యా? ఫోను ఉన్నన్నాళ్ళూ పిల్ల అక్కడే ఉంది. లాక్కున్నాకే కదా ఇంటికొచ్చేసింది?"



"ఆ మాట మీ మామయ్య ముందు అనకు," అని అత్తగారు సంచీ అందుకున్నారు. "మోకాళ్ళు చూపించుకుని వస్తాను. ఈలోపు దాని గొంతులోకి ఏదైనా దింపు. నీ మాటైతే వింటుందేమో."

తిట్టిన నోటితోనే పని అప్పగించడం ఆవిడ పద్ధతి.

గదిలో కిటికీ తెర వేసే ఉంది. పిచ్చుక మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. కాలేజీ నుంచి తెచ్చిన పెట్టెకి ఇంకా తాళం తీయలేదు.

కోడలు మంచం అంచున కూర్చుంది. ఈ ఇంటికి కొత్తగా వచ్చిన రోజుల్లో తనూ ఇలాగే గోడ వైపు తిరిగి పడుకునేది. ఏ డబ్బాలో ఏముందో, ఎవరి ముందు ఎంత నవ్వాలో తెలియని రోజులు. అప్పుడు ఈ పిల్లే వచ్చి దుప్పట్లో దూరి, బళ్ళో కబుర్లన్నీ చెవిలో పోసేది.

"పిచ్చుకా, అక్కడ నిన్నెవరైనా ఏమైనా అన్నారా?"

తల అడ్డంగా కదిలింది.

"ఎవరైనా అబ్బాయి..."

"నువ్వు కూడానా వదినా?"

గొంతు బొంగురుగా, వాడక తుప్పు పట్టినట్టు ఉంది. అయినా అది వాక్యమే. కోడలు దాన్ని జారవిడుచుకోదలచుకోలేదు.

"సరే, అడగను. ఒక్కటి మాత్రం చెప్పు. చేరిన కొత్తలో ఫోను చేసి ఏడ్చేదానివి. తర్వాత మానేశావు. 'బాగానే ఉంది వదినా' అన్నావు కూడా. మళ్ళీ ఇలా ఎందుకయ్యావు?"

పిచ్చుక చెప్పింది. వదినకి కాదు, గోడకి చెప్పినట్టు చెప్పింది.

మొదట్లో భోజనాల హాల్లో కంచం పట్టుకుని నిలబడిపోయేదట. అందరూ జట్లు జట్లుగా కూర్చుని ఉంటే ఎవరి పక్కకి వెళ్ళాలో తెలియక, కంచం అక్కడే పెట్టేసి గదికి వచ్చేసేది. క్లాసులో చెప్పింది సగం అర్థమయ్యేది కాదు. అడిగితే అందరూ వెనక్కి తిరిగి చూస్తారని భయం. అలాంటప్పుడు ఆ సైటులో ఒక గుంపు కనిపించింది. దాని పేరు 'దారి తప్పినవాళ్ళు'. చుట్టుపక్కల ఊళ్ళ కాలేజీల్లో కొత్తగా చేరి, దిక్కు తోచక తిరుగుతున్న ప్రాణాలన్నీ అక్కడ చేరాయి. అసలు పేర్లు ఎవరూ పెట్టుకోలేదు. నత్త, అరటితొక్క, ఏడో బెంచీ, గొడుగు.

"ల్యాబుకి దారెటో అడిగితే నత్త బొమ్మ గీసి పెట్టేది. లెక్క రాకపోతే ఏడో బెంచీ నోటితో చెప్పి రికార్డు చేసి పంపేవాడు. సాయంత్రమైతే అరటితొక్క 'ఇవాళ ఏడ్చినవాళ్ళు చెయ్యెత్తండి' అని రాసేవాడు. అందరం ఎత్తేవాళ్ళం. అన్ని చేతులు చూసేసరికి నవ్వొచ్చేది వదినా."

"మరి భోజనాల హాలు?"

"ఎర్ర మూత సీసా." గోడ మీద నుంచి చూపు కొంచెం పక్కకి జరిగింది. "ఏ బల్ల మీద ఎర్ర మూత నీళ్ళ సీసా ఉంటే అక్కడ మనవాళ్ళున్నట్టు. వెళ్ళి కూర్చోవచ్చు. మాట్లాడాలని ఏమీ లేదు. అలాగే మా కాలేజీలో నత్తనీ ఏడో బెంచీనీ కలిశాను. తర్వాత మాట్లాడుకున్నాం. చాలా."

"మరి?"

"నాన్న ఫోను తీసుకెళ్ళాడు. పోతే పోయింది, మనుషులున్నారు కదా అనుకున్నాను. రెండ్రోజుల తర్వాత హాల్లోకి వెళ్తే బల్ల మీద సీసా ఉంది. నన్ను చూసి ఏడో బెంచీ దాన్ని తీసి సంచీలో పెట్టేసుకున్నాడు."

"ఎందుకు?"

"తెలీదు. నత్త మొహం తిప్పుకుంది. అడగడానికి నోరు రాలేదు. రోజూ అంతే. మళ్ళీ కంచం పట్టుకుని నిలబడ్డాను."

కోడలు కాసేపు తన చేతులు చూసుకుంది. గోళ్ళ సందుల్లో అద్దాల పొడి తెల్లగా ఉంది. ఎంత కడిగినా పోదది. లేచి తన ఫోను తెచ్చి దిండు మీద పెట్టింది.

"వద్దు వదినా. నాన్నకి తెలిస్తే నిన్ను..."

"నన్ననడానికి కొత్తగా ఏం మిగల్లేదులే. తెరువు. వాళ్ళు సీసా ఎందుకు దాచుకున్నారో తెలుసుకోవద్దూ?"

పిచ్చుక లేచి కూర్చుంది. తన పాస్‌వర్డు కొట్టింది. కోడలు తాజా రొట్టెకి వెన్న రాసి తెచ్చి చేతిలో పెడితే, చూడకుండానే కొరికింది. ఆ ఒక్క కొరుకు కోసం ఇల్లంతా వారం రోజులు ఎదురుచూసింది.

"అరటితొక్క జుట్టు మొత్తం తీయించేసుకున్నాడట," అంది నములుతూ. పెదవి కొస కొంచెం పైకి లేచింది. "ఇదుగో, నత్త నాకు విడిగా రాసింది. 'నువ్వలా రాశావంటే నమ్మలేకపోతున్నాను. నేను నీకేం చేశాను?'"

ఆగింది.

"ఏం రాశాను నేను?"

వేలితో తెరని వెనక్కి, ఇంకా వెనక్కి జరిపింది. నమలడం ఆగిపోయింది. బుగ్గలో రొట్టె అలాగే ఉండగా ఫోనుని వదిన వైపు తిప్పింది.

గుంపు మొత్తానికి, పిచ్చుక పేరు మీద ఉంది అది. 'మీరెవరూ నాకు అక్కర్లేదు. మీ వల్లే నా చదువు నాశనమైంది. ఇక మీదట నాతో మాట్లాడకండి, పలకరించకండి.'

"ఇది నేను రాయలేదు."

కోడలికి తెలుసు. పిచ్చుక జన్మలో 'ఇక మీదట' అనదు.

గొడుగు అనే పేరుకి విడిగా ఇంకొకటి వెళ్ళింది. అది మరీ ఘోరం. 'నువ్వంటే నాకు అసహ్యం. నువ్వు ఉన్నా లేకపోయినా నాకొకటే. మళ్ళీ రాయకు.'

గొడుగు ఇచ్చిన జవాబు ఒకటే మాట. 'సరే.'

రెండూ ఫోను లాక్కున్న మర్నాడు వెళ్ళాయి. ఆ రోజు ఫోను ఎవరి చేతిలో ఉందో ఇద్దరికీ తెలుసు.

"వదినా," అంది పిచ్చుక, "గొడుగు మాలాంటిది కాదు. ఈ ఏడే వాళ్ళమ్మ పోయింది. ఒక్కోరోజు పొద్దున లేవకపోతే బాగుండనిపిస్తుందనేది. అందుకని రోజూ నేను 'లేచావా' అని రాసేదాన్ని. 'లేచాను, ఇవాళ్టికి' అనేది. తన కాలేజీ వేరే ఊళ్ళో. మేమింకా ఒకరినొకరం చూసుకోలేదు కూడా. కానీ రోజూ..."

తెర మీద గొడుగు పేరు పక్కన ఇంకా తెరవని మెసేజి ఒకటి ఉంది. ఆ పొద్దున వచ్చిందే.

'నువ్వన్నది చాలా రోజులు ఆలోచించాను. నిజమే. నేను ఉన్నా లేకపోయినా ఒకటే. నీ మీద కోపం లేదు.'

వీధిలో వ్యాను ఆగిన చప్పుడైంది.

కోడలి భర్త బేకరీ వ్యాను నడుపుతాడు. డ్యూటీ దిగిన తండ్రినీ, డాక్టరు దగ్గరున్న తల్లినీ దారిలో ఎక్కించుకుని వచ్చాడు. ముగ్గురూ లోపలికి వచ్చేసరికి పిచ్చుక హాలు మధ్యలో నిలబడి ఉంది. వారం తర్వాత అది గది బయటికి రావడం అదే మొదలు. అత్తగారి మొహం విప్పారబోయి, కూతురి చేతిలో ఫోను చూసి ముడుచుకుపోయింది.

భర్త పెళ్ళాం వైపు తిరిగాడు.

"దాని చేతికి ఫోను ఇవ్వొద్దని చెప్పానా లేదా?"

"చెప్పారు."

"మరి?"

"విన్లేదు."

అతను తండ్రి వైపు ఓసారి చూశాడు. తండ్రి ముందు గట్టిగా అరవడం, పక్కకి వచ్చాక 'ఏం చేయమంటావు చెప్పు' అని నసగడం అతనికి అలవాటు. ఇప్పుడు పక్కకి వెళ్ళే వీలు లేదు.

"నాన్నా," అంది పిచ్చుక. "ఇది నువ్వు రాశావా?"

మామగారు చెప్పులు విప్పుతున్నారు. ఒకటి విప్పి, రెండోది విప్పకుండా అలాగే నిలబడిపోయారు.

"నిన్నే నాన్నా. నువ్వేనా?"

"లోపలికి పో."

"నువ్వేనా?"

"అవును, నేనే! రాశాను!" గోడలు అదిరేలా వచ్చింది మాట. "కన్నతండ్రిని. నా కూతురు పాడైపోతుంటే చూస్తూ కూర్చోమంటావా? దారి తప్పినవాళ్ళట! సిగ్గులేకుండా పేరు కూడా అదే పెట్టుకున్నారు."

"ఏం రాశారండీ?" అత్తగారికి ఏమీ అర్థం కాలేదు. "ఎవరికి రాశారు?"

"ఆ గొడుగు గాడికి! 'నువ్వు రాయకపోతే నేనేమైపోతానో' అంటాడు. పొద్దున లేచింది మొదలు దీని కోసమే చూస్తుంటానంటాడు. ఎవడే వాడు? ఏ ఊరు వాడు?"

పిచ్చుక తండ్రి మొహంలోకి చూసింది. ఆ చూపులో కోపం కూడా లేదు.

"వాడు కాదు నాన్నా. ఆడపిల్ల."



'నేనేమైపోతానో.' మగవాడు రాసినా ఆడది రాసినా ఆ మాట అలాగే ఉంటుంది. ఆయన అందులో తాను భయపడే మగవాణ్ణి చూసుకున్నారు.

"ఆడపిల్లైతే మాత్రం..." అని మొదలుపెట్టారుగానీ గొంతులో మునుపటి బిగువు లేదు.

"తల్లి లేని పిల్ల మామయ్యా," అంది కోడలు. "చెయ్యి మీది, పేరు దానిది. ఆ పిల్ల ఈ మాట పిచ్చుకే అందనుకుంది. పొద్దున ఏం రాసిందో చూడండి."

ఆయన చూడలేదు. భర్త ఫోను అందుకుని పైకి చదివాడు.

అత్తగారు గోడకి ఆనుకుని, "ఎవరి బిడ్డో ఏమో," అన్నారు. "ఎవరి బిడ్డో..."

ఆ తర్వాత ఆ హాల్లో కాసేపు అందరూ ఒకేసారి ఏదో ఒకటి చేశారు.

కోడలు గొడుగు చదివే కాలేజీ హాస్టలు నంబరు వెతికి, భర్త ఫోనులోంచి ఫోను చేసింది. ఆ పిల్ల తనకి విడిగా చెప్పిన అసలు పేరు పిచ్చుక అందించింది. అవతల ఎవరో పెద్దావిడ ఆవలిస్తూ పలికింది.

"మీరెవరు? బంధువులా?"

"కాదండీ. కానీ ఆ అమ్మాయి గదికి ఒక్కసారి మనిషిని పంపండి. ప్రాణం మీదికి తెచ్చుకుంటుందేమోనని..."

"రోజూ ఇలాంటివి వింటూనే ఉంటామమ్మా. బంధువులైతే మాట్లాడించండి." లైను కట్టయింది.

పిచ్చుక గుంపులో రాసింది. తల వంచుకుని, పళ్ళు బిగబట్టి, తప్పులు పడుతున్నా దిద్దకుండా రాసింది. 'అది నేను రాయలేదు. మా నాన్న రాశాడు. నన్ను తర్వాత తిట్టండి. గొడుగు ఎక్కడుందో ఎవరైనా చూడండి. ఇప్పుడే.' కింద గొడుగు అసలు పేరు కూడా రాసింది.

చూస్తుండగానే తెర నిండిపోయింది.

నత్త మొదట వచ్చింది. 'నాకు తెలుసు, నాకు తెలుసు, నువ్వలా రాయవని.' ఏడో బెంచీ ఏమీ అనలేదు. ఎర్ర మూత సీసా ఫోటో పెట్టాడు. పిచ్చుక దాన్ని చూసి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడవడానికి కూడా సమయం లేదు.

అరటితొక్క చదివేది గొడుగు కాలేజీలోనే. 'ఆడపిల్లల హాస్టలుకి పరిగెడుతున్నా,' అన్నాడు. ఇంకెవరో, 'నేను లైబ్రరీ చూస్తా.' ఇంకొకరు, 'బస్టాండు నాది.' ఇంకొకరు, 'వార్డెన్ దగ్గర కూర్చుంటా, లేచి వచ్చేదాకా కదలను.' పేర్లు లేని మనుషులు, కనీసం ఒకరి మొహం ఒకరు చూసుకోనివాళ్ళు, గొడుగు చదివే ఊళ్ళో నాలుగు వైపులా పరిగెడుతున్నారు.

మామగారు దూరంగా నిలబడి ఉన్నారు. ఒక కాలికి చెప్పు ఉంది, ఒక కాలికి లేదు. వరసగా పడుతున్న మాటల్ని కూతురి భుజం మీదుగా చదువుతున్నారు.

"వీళ్ళంతా ఎవరు?" అన్నారు చివరికి, కోడలితో.

"పిల్లలు మామయ్యా. దీనిలాంటివాళ్ళే."

అరటితొక్క దగ్గరినుంచి వచ్చింది. 'గది తాళం వేసి ఉంది. పొద్దున్నే సంచీ కూడా లేకుండా వెళ్ళిందట. టిఫినుకేమో అనుకున్నారట. వార్డెన్ ఇప్పుడు వాళ్ళ నాన్నకి ఫోను చేసింది. ఇంటికి రాలేదట.'

భర్త గోడకున్న మేకు మీంచి వ్యాను తాళాలు తీశాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"వెళ్తాను. కానీ ఎక్కడికని వెళ్ళను?"



అప్పుడే గొడుగు పేరు పక్కన చిన్న ఆకుపచ్చ చుక్క వెలిగింది.

"వచ్చింది," అంది పిచ్చుక. "వదినా, వచ్చింది. చూస్తోంది."

ఆ సైటులోంచే ఫోను చేసింది. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్ళీ చేసింది. ఎత్తలేదు. రాసింది. 'గొడుగూ, నేనే. ఆ మాట నాది కాదు. మా నాన్న రాశాడు. ఫోను ఎత్తవా?'

చాలాసేపటికి జవాబు వచ్చింది. 'అందరూ వెతుకుతున్నారని జాలిపడి ఇలా అంటున్నావు. ఏ నాన్నా అలా రాయడు.'

పిచ్చుక ఆ వాక్యాన్ని పైకి చదివి, ఇక రాయలేక చెయ్యి కిందికి దించేసింది. "నమ్మట్లేదు. ఏం చెప్పినా నమ్మట్లేదు."

'ఏ నాన్నా అలా రాయడు' అన్న మాట హాల్లో అలా నిలిచిపోయింది. అత్తగారు మొగుడి వైపు చూడడానికి భయపడ్డట్టు నేల వైపు చూశారు.

మామగారు ముందుకు వచ్చి చెయ్యి చాపారు.

"ఇటివ్వు."

పిచ్చుక ఫోనుని గుండెకి అదుముకుని వెనక్కి జరిగింది. "ఇవ్వను. మళ్ళీ గోతిలో పడేస్తావు."

"ఇవ్వు," అన్నారాయన మళ్ళీ. ఈసారి కోడలి వైపు చూస్తూ అన్నారు. అది ఆమె ఫోను.

పెళ్ళై వచ్చిన ఈ రెండేళ్ళలో ఆయన ఆమెను ఏదీ అడగలేదు. 'మంచినీళ్ళు' అని గాలితో అనేవారు, నీళ్ళు వచ్చేవి. ఆ చాపిన అరచేతిని కోడలు చూసింది. మోటార్ల గ్రీజు నల్లగా పట్టిన చెయ్యి. ఆ మాటల్ని ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ రాసిన చెయ్యి. ఆయన నోట్లోంచి ఇప్పుడు తప్పు మాట ఒక్కటొస్తే, అవతల మిగిలిన దారం కూడా తెగిపోతుంది. ఇవ్వకపోతే, నిజం చెప్పగలిగిన గొంతు ఇంట్లో ఇంకోటి లేదు.

"పిచ్చుకా, ఇచ్చెయ్," అంది.

"వదినా!"

"నేను చెప్తున్నాను. ఇచ్చెయ్."

పిచ్చుక ఇచ్చింది. ఇచ్చాక కూడా దాని వేళ్ళు ఫోను అంచుని కాసేపు పట్టుకునే ఉన్నాయి. కోడలు దగ్గరికెళ్ళి ఫోను చేసే గుర్తు నొక్కి, మాటలు అందరికీ వినిపించేలా పెట్టింది. మోగుతోంది. ఆయన దాన్ని చెవికి పెట్టుకోలేదు. వేడి గిన్నె పట్టుకున్నట్టు రెండు చేతులతో మొహం ముందు పట్టుకున్నారు.

మోత ఆగింది. ఎవరో ఎత్తారు. ఏమీ అనలేదు. దూరంగా వాహనాలు పోతున్న చప్పుడు, దగ్గరగా ఊపిరి.

"అమ్మా," అన్నారు మామగారు. గొంతు సవరించుకున్నారు. "నేను... పిచ్చుక నాన్నని."

ఊపిరి ఒక్కక్షణం ఆగింది.

"అది రాయలేదమ్మా ఆ మాట. నేను రాశాను. దాని ఫోను లాక్కుని నేనే రాశాను. అదేమో ఇక్కడ తిండి మానేసి పడుంది. దాని తప్పు లేదు."

అవతల ఊపిరి మళ్ళీ వినిపించింది.

"ఎక్కడున్నావమ్మా? మావాడు బండి తెస్తాడు. మా పిల్ల కూడా వస్తుంది. ఆ చోటేదో ఒక్కటి చెప్పు చాలు."

గుమ్మంలో భర్త తాళాలు కదలకుండా పిడికిట్లో బిగించాడు. పిచ్చుక వదిన చెయ్యి దొరకబుచ్చుకుంది. గోళ్ళు దిగుతున్నా కోడలు వదిలించుకోలేదు.

"ఎందుకు రాశారు?"

అందరూ ఉలిక్కిపడ్డారు. అంత చిన్న గొంతు అది. పిచ్చుక కంటే చిన్నపిల్ల గొంతులా ఉంది.

"నేనెవరో మీకు తెలీదు కదండీ," అంది ఆ గొంతు. "నేను లేకపోయినా ఒకటేనని ఎలా రాశారు? ముందు అది చెప్పండి. అప్పుడు చెప్తాను ఎక్కడున్నానో. చెప్పాలనిపిస్తే."

కోడలు మామగారి మొహం చూసింది. కూతురికి 'కన్నతండ్రిని' అని గద్దించి చెప్పిన జవాబు ఈ పిల్లకి పనికిరాదు. ఇంకో జవాబు ఆయన దగ్గర ఉందో లేదో ఆ హాల్లో ఎవరికీ తెలియదు. ఆయనకూ తెలిసినట్టు లేదు.

అవతల ఒక లారీ హారను కొడుతూ చాలా దగ్గరగా దూసుకుపోయింది.

ఆయన గోడ పట్టుకుని మెల్లగా నేల మీద చతికిలబడ్డారు.

"చెప్తానమ్మా," అన్నారు. "ఫోను పెట్టేయకు."